వంతు పట్టిక

స్టేషన్ నుంచి,
డిసెంబరు 14

కిందున్న రంజికి పైనున్న జెబ రాసుకునేది,

అంతరిక్షంలోకి వచ్చి నెల దాటింది. క్షేమమే. ముఖం ఉబ్బి, కాళ్ళు సన్నబడి, అద్దంలో ఎవరో కొత్త మనిషి కనిపిస్తోంది. ఉత్తరమంటే చేత్తోనే రాయాలని మీ అవ్వ ఆజ్ఞ కదా. అందుకని కాగితాన్ని మోకాలికి పట్టీతో బిగించి రాసి, ఫోటో తీసి సొంత మెయిల్లో పంపుతున్నాను. అక్షరాలు వంకర పోతే అవ్వకి చూపించకు. మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టిస్తుంది.

నిన్న ఎందుకో సూలూరు ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో మన మొదటి వారం గుర్తొచ్చింది. మెస్సు వరుసలో నేను "ఇంగా కొంచెం సారు పొయ్యండి" అన్నందుకు ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు నవ్వి "మీది తెలుగేనా?" అన్నారు. వెనక నుంచి నువ్వు "తెలుగే. నన్నూరేండ్లకి ముందర బయలెల్లిన తెలుగు" అన్నావు. మదురై తెలుగు, అన్నూరు తెలుగు ఆ రోజు ఒకే బెంచీ మీద కూర్చుని అన్నం తిన్నాయి. ఆ తర్వాత ప్రతి ఆదివారం అన్నూరు బస్సు, మీ ఇంటి అరుగు, అవ్వ పలక. మాట మాత్రమే వచ్చిన నాకు రాత కూడా వచ్చింది మీ ఇంట్లోనే. నా సొట్ట లోటా జాగ్రత్తగా ఉంచమని అవ్వకి చెప్పు. వచ్చి దాంతోనే కాఫీ తాగుతాను.

ఇక్కడ నాకు బాగా నచ్చింది కిటికీ కాదు, గోడకి అంటించిన వంతు పట్టిక. మరుగుదొడ్డి శుభ్రం చేసే పని వారానికి ఒకరిది. ఉన్నది నలుగురం. కమాండర్‌తో సహా ఎవరికీ మినహాయింపు లేదు. ఎవరి వారం వాళ్ళదే, వేరేవాళ్ళ మీదికి నెట్టడానికి లేదు. ఇది ఫోన్లో మా నాయనకి చెప్పాను. ముప్పైనాలుగేళ్ళు మదురై కార్పొరేషన్లో చెత్తబండి తోసిన మనిషి. "కమాండరు గూడానా? నెజమా?" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత వీధంతా తిరిగి చెప్పి వచ్చాడట.

రంజీ, ఆ పట్టిక చూసినప్పుడల్లా, ఇక్కడ జీవితమంతా ఉండమన్నా ఉంటాననిపిస్తుంది. కానీ మే ముప్పైఒకటికి మాత్రం నేను మదురైలో మా గుమ్మంలో ఉండాలి, దానికి ఒక్కరోజు ఆలస్యమైనా నాకు ఈ ప్రయాణమే వద్దు.

ఆ రోజు నాయన రిటైర్ అవుతాడు. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. చివరి డ్యూటీ అయ్యాక వార్డువాళ్ళంతా దండవేసి, మేళంతో ఇంటిదాకా తీసుకొస్తారు. గుమ్మంలో పెద్దబిడ్డే ఆయన కాళ్ళకి నీళ్ళు పోసి లోపలికి పిలవాలి. అమ్మ లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఉన్నది నేనొక్కదాన్నే. ఇంటింటి ముందు ఊదే ఆయన పాత ఈల నాతోపాటు పైకి తెచ్చుకున్నాను. "చివరి దినం దీంతోనే ఊదుతా, పోగొట్టొద్దు" అని చెప్పి ఇచ్చాడు.

మే మొదట్లో నువ్వొస్తావు. నీకు పనంతా అప్పజెప్పి, నువ్వొచ్చిన క్యాప్సూల్లోనే పన్నెండుకి దిగుతాను. రెండు వారాలు డాక్టర్ల చేతిలో ఉన్నా, ముప్పైఒకటికి ఇంట్లో ఉంటాను. త్వరగా రా అమ్మిణీ.

నీ జెబ


అన్నూరు,
జనవరి 9

ఆకాశంలో ఉన్న జెబకి నేల విడవని రంజి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అవ్వకి కూడా చదివి వినిపించాను. "పిల్ల రాత తిరిగినాది" అంది. ఆమె నోటినుంచి అంతకంటే పెద్ద మెప్పు ఇప్పటిదాకా నాకే దొరకలేదు, నీకు దొరికింది. కుళ్ళుకుంటున్నాను.

శిక్షణ నుంచి కొన్నాళ్ళు సెలవు తీసుకుని ఇంటికి వచ్చాను. ఊరికే. అవ్వ చేతికి చిక్కాను కదా, పొద్దున్నే పరగడుపున అరటి దూట రసం, పది గంటలకి బార్లీ నీళ్ళు, మధ్యలో చెంబులకొద్దీ మంచినీళ్ళు. తాగి తాగి కడుపు బావిలా ఉంది. రాజ్‌మోహన్ అన్న సంగతి చెప్తే నవ్వుతావు. మా మిల్లు గేటుకి నా బొమ్మతో బ్యానరు కట్టేశాడు. ఇంకా ఎగరకముందే వద్దన్నా అంటే, "నువ్వు ఎగరకుండా ఉంటే నేను ఊర్లో తలెత్తుకునేదెట్లా?" అన్నాడు. వేళాకోళమే, కానీ ఆ బ్యానరు కిందనుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా తల వంచుకునే పోతున్నాను.

నిజంగా అంత నచ్చిందా నీకు అక్కడ? జీవితమంతా ఉండమన్నా ఉంటావా? ఆ మాట పదేపదే గుర్తొస్తోంది. నాకైతే ఎప్పుడెప్పుడు వస్తానా అని ఉంది. ఒక్కోసారి భయం కూడా వేస్తుంది, అంతా చేతిదాకా వచ్చి జారిపోతుందేమోనని. పోనీలే, నీకెందుకు ఈ గోల.

మీ నాయనకి ఫోన్ చేస్తూ ఉంటాను. నువ్వు బాగా తిను.

నీ రంజి


స్టేషన్ నుంచి,
ఫిబ్రవరి 11

రంజికి జెబ,

వారం రోజులుగా నీళ్ళ పంపుతో కుస్తీ. మా నలుగురి మూత్రాన్నీ శుద్ధిచేసి తాగునీరు చేసే యంత్రంలోది. దాని లోపల తెల్లటి పొడిలాంటిది పేరుకుని గొంతు పట్టేసింది. విప్పి, గోకి, కడిగి, బిగించాను. నువ్వు వచ్చేసరికి నీకు నేర్పాల్సినవి నోటుపుస్తకంలో బొమ్మలు వేసి పెడుతున్నాను.

నువ్వు ఇంకా అన్నూరులోనే ఉన్నావని నాయన చెప్పాడు. ఎగరడానికి మూడు నెలలుండగా ఇంత సెలవు ఎవరిచ్చారు నీకు? అరటి దూట తాగడానికి ఇచ్చారా?

ఇంకో సంగతి. నాయనని యూనిఫాంలో ఫోటో తీసి, మా వీధి పేరుతో సహా పేపర్లో వేశారట. సంతోషమే. కానీ అవ్వ ఆ పేపరు చూసిందా? మొదటి ఆదివారం గుర్తుందా నీకు? "ఏమి అమ్మిణీ, యా ఊరు?" అని అడిగింది. మదురై అన్నాను. తెలుగు విని ముఖం వెలిగిపోయింది. "తెలుగోళ్ళా? ఎవురింటోళ్ళు?" అంది. నేను నోరు తెరిచేలోపు నువ్వు "మనోళ్ళే అవ్వా" అన్నావు. మనూళ్ళలో ఈ పొరపాటు మామూలే, తెలుగు మాట్లాడితే చాలు తమ ఇంటివాళ్ళే అనుకుంటారు. కానీ అవ్వది పొరపాటు, నీది కాదు. తిరుగు బస్సులో అడిగితే "సమయం చూసి నేనే చెప్తాను" అన్నావు. ఐదేళ్ళయింది. నేనూ పలక మీద మోజుతో ఊరుకున్నాను, నా తప్పు లేదనను.

అవ్వ ఏమంది? దాచకుండా రాయి.

నీ జెబ


అన్నూరు,
మార్చి 15

జెబకి,

ఆలస్యానికి కోప్పడకు. పని.

అవ్వ పేపరు చూసింది. ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, పేపరు మడిచి పెట్టేసింది. ఆ వయసువాళ్ళ మనసులో ఏముందో మనకేం తెలుస్తుంది.

మే తేదీ కొంచెం అటూ ఇటూ కావచ్చని ఆఫీసులో అనుకుంటున్నారు. గాలి కబురే, కంగారు పడకు. అయినా నీకు అక్కడ బాగానే ఉంది కదా.

ఆరోగ్యం జాగ్రత్త.

రంజి


స్టేషన్ నుంచి,
ఏప్రిల్ 6

శ్రీరంజనికి,

ఇవాళ పొద్దున మీటింగులో ఫ్లైట్ డైరెక్టర్ ఇళంగో సార్ తెర మీదికి వచ్చారు. మేము నలుగురం వరుసగా తేలుతూ వింటున్నాం. సిబ్బంది మార్పు మే నుంచి సెప్టెంబరుకి జరిపామన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఇంగ్లీషులో, "ఇక్కడ జీవితమంతా ఉండమన్నా ఉంటాను అని మీరు రాసిన మాట మా అందరినీ కదిలించింది. మీ సమ్మతి ముందే తెలిసినందువల్ల నిర్ణయం సులువైంది" అన్నారు.

ఆ మాట నేను ఇంగ్లీషులో ఎప్పుడూ అనలేదు. ఎక్కడ చదివారు సార్ అని అడిగాను. "శ్రీరంజని మీ ఉత్తరం నుంచి అనువదించి ఇచ్చారు" అన్నారు.

కమాండర్ నా భుజం తట్టాడు. మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. నా సొంత మాటే నా మీదికి వచ్చి నా నోరు మూసేసింది, ఇంకేం చేయను?

మూలం నా దగ్గరే ఉంది కదా, తీసి చూశాను. డిసెంబరు పద్నాలుగు. ఆ వాక్యం ఉంది. దాని పక్కనే ఇంకో వాక్యం ఉంది. అది 'కానీ' అని మొదలవుతుంది. నువ్వు చూడలేదని అనలేవు. రెండుసార్లు చదివానని నువ్వే రాశావు. ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్ళు పదిమందైనా ఉన్నారు. ఒక్కరూ మూలం అడిగినట్టు లేదు. స్నేహితురాలే చెప్తోంది కదా అనుకుని ఉంటారు.

మా నాయన మే ముప్పైఒకటిన ఇంటికి వస్తాడు. గుమ్మంలో ఎవరూ ఉండరు.

ఒకటే అడుగుతున్నాను. రెండో వాక్యం ఏం చేశావు?

జెబమలర్


అన్నూరు,
ఏప్రిల్ 12

జెబా,

అది కూడా అనువదించాను. రెండు వాక్యాలూ రాసి, రెండోది కొట్టేసి, మళ్ళీ శుభ్రంగా రాసి ఇచ్చాను. నిజం అడిగావు కాబట్టి చెప్తున్నాను.

డిసెంబరు స్కానులో నాకు కిడ్నీలో రాయి కనిపించింది. చిన్నదే. కానీ రాయి పోయి, మళ్ళీ రాదని తేలేదాకా ఎగరనివ్వరు. నాలుగైదు నెలలు పడుతుందన్నారు. మేలో క్యాప్సూల్ వెళ్తే నా బదులు ముకుంద్ వెళ్తాడు. ఒకసారి నా సీట్లో ఇంకొకరు కూర్చుంటే నాకు మళ్ళీ పిలుపు ఎప్పుడు? నాకు ముప్పైతొమ్మిది. అరటి దూట రసం ఎందుకో నీకు తట్టలేదా? నీకే తట్టి ఉంటుందనీ, తెలిసీ ఊరుకున్నావనీ అనుకుని సర్దిచెప్పుకున్నాను.

పైనున్న మనిషి ఇష్టపడితే సెప్టెంబరుకి జరపొచ్చన్నారు. నిన్ను అడుగుతామన్నారు. అడిగితే నువ్వు మీ నాయన సంగతి చెప్తావు. అందుకని వాళ్ళు అడగకముందే నేను ఇచ్చాను. నాలుగు నెలలే కదా అనుకున్నాను. నీకు అక్కడ గౌరవంగా ఉంది, సంతోషంగా ఉంది, అది అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఇలాంటివన్నీ అనుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది, ఇవ్వడానికి ఐదు నిమిషాలు.

నిన్న అవ్వకి అంతా చెప్పాను. నీ గురించి మొదటి రోజు నేనన్న మాట కూడా. "ఆ పిల్ల నోరు తెరిచిన దినమే నాకి తెలుసు. మాట వేరేగా ఉండాదే. నువ్వు ఎప్పుడు చెప్తావో అని చూస్తా ఉండినా. అయిదేండ్లు చూసినా" అంది.

నువ్వు ఇళంగో సార్‌కి చెప్తే నా పని అయిపోతుంది. చెప్పొద్దని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

రంజి


స్టేషన్ నుంచి,
ఏప్రిల్ 20

శ్రీరంజనికి,

చెప్పను. పొంగిపోకు. సెప్టెంబరుకి జరపడం అయిపోయింది, నేను అరిచినా మే తిరిగి రాదు. నిన్ను తీసేస్తే ముకుంద్‌ని మళ్ళీ సిద్ధం చేయాలి, అది ఇంకో నెల. నువ్వొస్తేనే నేను దిగుతాను. ఇందులో క్షమాపణ ఏమీ లేదు.

అవ్వకి మొదటి రోజే తెలుసన్నావు. అప్పటి నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. ఆ సొట్ట లోటా ఎప్పుడూ వంటింట్లో ఉండేది కాదు. బయట నీళ్ళతొట్టి గట్టు మీద బోర్లించి ఉండేది. నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని, తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. నాకోసం విడిగా ఒకటి ఉంచారని మురిసిపోయేదాన్ని. మదురైలో నాయనకి చెప్తే ఆయన మాట మార్చాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

నువ్వు ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చుని మంచి లోటాలో తాగావు. నీకు తెలుసు.

అవ్వని ఏమనాలో నాకు తెలియడం లేదు. నా చేయి పట్టుకుని 'ఋ' దిద్దించింది కూడా ఆ చేత్తోనే. ఈ కోపం కూడా ఆమె నేర్పిన అక్షరాలతోనే రాయాల్సి వస్తోంది, వేరేవి నా దగ్గర లేవు.

జెబమలర్


అన్నూరు,
జూన్ 2

జెబా,

నువ్వు జవాబు రాయకపోయినా రాస్తున్నాను. మే ముప్పైఒకటిన మదురై వెళ్ళాను.

అన్నీ బాగా జరిగాయి. వార్డు మనుషులు ముప్పైమంది వచ్చారు. మేళం పెట్టారు. మీ నాయన కొత్త చొక్కా వేసుకున్నారు, మెడలో గులాబీ దండ. వీధి మలుపులో ఎవరో "ఈల ఊదండన్నా" అన్నారు. కొత్త ఈల చేతికిచ్చారు. ఆయన తీసుకోలేదు. "నాది పైన ఉండాది" అన్నారు.

గుమ్మంలో ఎవరు నీళ్ళు పోయాలని అందరూ ముఖాలు చూసుకున్నారు. నేను చెంబు అందుకున్నాను. వంగి ఆయన కాళ్ళకి నీళ్ళు పోశాను జెబా. మా ఇంట్లో ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. చేతులు వణికాయి, కానీ పోశాను. నీకోసం నేను చేయగలిగింది అదొక్కటే.

ఇంకోటి కూడా చెప్పాలి. కాళ్ళు కడుగుతున్నప్పుడు ఆయన మెల్లగా అడిగారు. "మా బిడ్డే ఇంగా ఉంటానని అడిగినాదంటనే, నెజమా అమ్మా?" ఆఫీసువాళ్ళు ఎవరో అలా చెప్పారట. చుట్టూ జనం. "అవునప్పా" అన్నాను. "సరి. దానికి పని ముఖ్యం" అన్నారు. దండ తీసి మేకుకి తగిలించి, లోపలికి వెళ్ళి కూర్చున్నారు. భోజనాలప్పుడు కూడా బయటికి రాలేదు.

ఇది కూడా దాస్తే నేను మనిషినే కాను అనిపించి రాస్తున్నాను.

రంజి


స్టేషన్ నుంచి,
జూన్ 7

శ్రీరంజనికి,

నువ్వు నీళ్ళు పోశావా.

నా తేదీ తీసుకున్నావు. నా ఉత్తరం తీసుకున్నావు. నా చెంబు కూడా తీసుకున్నావు. దాన్ని నాకు చేసిన ఉపకారంలా రాశావు. వణికాయా నీ చేతులు? మా నాయన కాళ్ళు పట్టుకోవడం నీకు అంత పెద్ద త్యాగమైతే ఎందుకు పోశావు? పక్కింటి పాండీశ్వరి అక్క ఉంది. ఆమె చేయి వణికేది కాదు.

వారం వారం నాయన ఫోన్లో "బాగుండావా, తిన్నావా" అని అడిగి ఊరుకుంటున్నాడు. ఎందుకు జరిపారని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆయన లెక్కలో నేను ఆయన్ని వద్దనుకుని ఇక్కడ ఉండిపోయాను. ముప్పైనాలుగేళ్ళు ఎదురుచూసిన రోజుకి కూతురు రానంది.

నేను ఫోన్లో చెప్తే నమ్మడు. నన్ను బాధపెట్టకూడదని "సరి సరి" అంటాడు, తనని ఓదార్చడానికి చెప్తున్నానని అనుకుంటాడు. అందుకని ఇది నీ పని. ఎగిరేలోపు మదురై వెళ్ళు. మా నాయన ముందు కూర్చుని, ఆయన కళ్ళలోకి చూసి, నువ్వు చెప్పింది అబద్ధమని నీ నోటితో చెప్పు. రెండు వాక్యాలూ చదివి వినిపించు. ఆఫీసుకి చెప్పనవసరం లేదు, పేపరుకి చెప్పనవసరం లేదు. ఆయనకి చెబితే చాలు. ఇంతకంటే తక్కువ నేను అడగలేను.

జెబమలర్


క్వారంటైన్ గది నుంచి,
ఆగస్టు 27

జెబా,

వెళ్ళలేదు.

రెండుసార్లు బయల్దేరాను. ఒకసారి తిరుప్పూరు దాకా వెళ్ళి దిగిపోయాను. ఆయన నన్ను "అమ్మా" అని పిలిచారు. గుమ్మంలో నీళ్ళు పోసిన పిల్ల అని వీధంతా నన్ను చూసి చేతులు జోడించింది. వాళ్ళ ముందుకి మళ్ళీ వెళ్ళి ఏమని చెప్పను? ఆ మాట ఆ వీధి నుంచి పేపరుకి ఎంతసేపు? ఆఖరి నెలలో నా పేరు పాడైతే ఏమవుతుందో నీకు తెలుసు. ఇప్పుడు క్వారంటైన్లో పెట్టేశారు, ఇక బయటికి పోవడానికి లేదు.

దిగి వచ్చాక తప్పకుండా చెప్తాను. ఒట్టు. వారంలో నీ ఎదురుగా ఉంటాను. ముఖాముఖి మాట్లాడుకుంటే నీ కోపం పోతుందని ఆశ. మనం మనమే కదా జెబా.

నీ రంజి


స్టేషన్, నీకు అప్పజెప్పిన గది,
సెప్టెంబరు 9

శ్రీరంజనికి,

ఈ కాగితం నిద్రసంచీ లోపలి జేబులో పెడుతున్నాను. నీకు దొరికేసరికి మా క్యాప్సూల్ తలుపు మూసేసి ఉంటారు. ఆరు రోజులు ఒకే గాలి పీల్చాం. కవాటాల గురించి, బిగింపుల గురించి తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు ప్రయత్నించావు, నేనే తప్పుకున్నాను. ముందు పని సంగతి రాస్తాను.

నీళ్ళ పంపు శబ్దం పలచబడితే వెంటనే ఆపు, పగిలేదాకా చూడకు. పొడి పేరుకునే చోటు నోటుపుస్తకంలో పన్నెండో పేజీలో ఉంది. మూడో మర ఎడమ చేత్తో తిప్పితేనే వస్తుంది. ఈ గదిలో గాలి గొట్టం తలవైపు ఉండేలా పడుకో, లేకపోతే తలనొప్పి వస్తుంది. మిగతా ముగ్గురి ప్రాణాలు నీ పని మీద ఉన్నాయి కాబట్టి నాకు తెలిసింది ఏదీ దాచలేదు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకో.

ఇప్పుడు మొన్న ఆదివారం సంగతి. వంతు పట్టిక ముందు నిలబడి నువ్వన్నావు. "రేపటినుంచి నా వారమంట. నువ్వుండేది మూడు దినాలే కదా, ఆ మూడూ నువ్వే చేసి పోరాదా? నీకి అలవాటైన పనే కదా." నవ్వుతూనే అన్నావు. అన్న వెంటనే నీ ముఖం చూశాను. ఏమన్నావో నీకు తెలియనే తెలియలేదు. మిగతా నీ తప్పులన్నీ ఆలోచించి చేశావు. ఇది ఆలోచించకుండా వచ్చింది. అందుకే ఇదే ఎక్కువ తగిలింది. మూడు రోజులూ ముక్కుకి గుడ్డ కట్టుకుని నువ్వే చేశావు, చూశాను. చావలేదు కదా.

ఆ ఆదివారం రాత్రే నాయనకి ఫోన్ చేశాను. నువ్వు చెప్పవని తేలిపోయింది, ఇంక నేనెందుకు ఆగాలి? డిసెంబరు ఉత్తరం తీసి, తేదీతో సహా మొత్తం చదివాను. ముఖం ఉబ్బిందన్న మాట నుంచి ఈల పోగొట్టొద్దన్న మాటదాకా, ఒక్క ముక్క వదలకుండా. నీ వాక్యం చదివాను, దాని పక్కన 'కానీ'తో మొదలయ్యే నా వాక్యమూ చదివాను.

"ఇంగోసారి చదువు" అన్నాడు.

మళ్ళీ చదివాను. "ఎప్పుడు రాసినావు ఇది?" అన్నాడు. వచ్చిన నెలకే నాయనా అన్నాను. అప్పుడు ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా నేను వినని ఏడుపు. ఏడ్చి, ముక్కు చీది, "నువ్వు రా. నేను ఇంగో దినం డ్యూటీకి పోతా" అన్నాడు. నవ్వులాట అనుకున్నాను. మర్నాడే వెళ్ళి సూపర్‌వైజర్ని అడిగాడట. బండి ముట్టకూడదు, పక్కన నడుచుకుంటూ ఈల ఊదుకో అన్నారట. డాక్టర్లు నన్ను వదిలాక, అక్టోబరు ఐదు పొద్దున. మేళం లేదు, దండ లేదు. డ్యూటీ అయ్యాక నడుచుకుంటూ ఇంటికి వస్తాడు. నేను గుమ్మంలో ఉంటాను. చెంబు కొత్తది కొనమన్నాను.

ఈల నా చొక్కా జేబులో ఉంది. ఇప్పుడే తడిమి చూసుకున్నాను.

ఇకమీద నాకు తెలుగులో రాయొద్దు. పని సంగతులుంటే ఇంగ్లీషులో రాయి, అది ఎవరైనా చదివి చూసుకోవచ్చు. అవ్వకి నేనే ఉత్తరం రాస్తాను, లోటా సంగతి నేరుగా అడుగుతాను. ఆమె ఏం చెప్పినా నాకే చెప్పాలి, నీ ద్వారా కాదు.

పట్టికలో నా పేరు కొట్టేసి, వచ్చే నెలన్నరకి తిరిగి రాశాను. అక్టోబరు ఐదుతో మొదలయ్యే వారం ఎవరిదో చూశాను. నీదే. మార్చుకోకు.

ఆరోగ్యసామి కూతురు
జెబమలర్